మింగిస్ దొర ఇంటిపేరు

పేరు స్పెల్లింగు తప్పు పడటం మనిషికి పట్టే అదృష్టాల్లో మొదటిది. నవ్వకండి! ఒకే పేరుతో, ఒకే స్పెల్లింగుతో పుట్టి, దాంతోనే పోయే మనిషిదీ ఒక బతుకేనా? ఒంటికి నాలుగు జతల బట్టలు ఉండొచ్చు గానీ పేరుకు నాలుగు రకాల అక్షరాలు ఉండకూడదా?

రాయచోటి జిలానీ బాషాకు ఈ అదృష్టం దండిగా పట్టింది. కువైట్‌లో ఖైతాన్‌లో ఉంటూ, ఫహాహీల్‌లో ఒక కంపెనీకి కారు తోలతాడు. ఇంటిపేరు షేక్. అది అతని పాస్‌పోర్టులో ఎస్‌హెచ్‌ఏఐకే. నిఖానామాలో ఎస్‌హెచ్‌ఈఐకే. భార్య గౌసియా బీ పాస్‌పోర్టులో, భర్త పేరు దగ్గర, చివర ఇంకో హెచ్ కూడా వచ్చి చేరింది. ఊరికే వచ్చిన అక్షరం, ఎవరు కాదంటారు!

ఎండాకాలం సెలవులకు గౌసియా బీనీ, కూతురు తస్లీమ్‌నీ విజిట్ వీసా మీద పిలిపించుకోవాలని అతని ఆశ. ఆ పిల్ల తండ్రిని ఎక్కువగా చూసింది ఫోన్‌లోనే. తీరా కాగితాలు పెడితే వీసా ఆఫీసులో తిప్పి పంపారు. అవి ముగ్గురు వేరువేరు మనుషుల పేర్లట!

"ఏమబ్బా, నన్ను నిఖా చేసుకునింది నువ్వేనా, ఇంకెవురన్నానా?" అంది గౌసియా బీ ఫోన్‌లో.

"ముగ్గురమూ ఒకే షేర్వానీలో వచ్చినాం గదా, మర్చిపోయినావా?"

ఆమె నవ్వింది గానీ ఎక్కువసేపు నవ్వలేదు. "పాప బ్యాగు సర్దుకోని కూచ్చోనుంది. దానికేం చెప్పల్ల?"



ఆ వారమే కంపెనీకి స్కాట్లాండు నుంచి కొత్త మేనేజరు వస్తున్నాడు. ఆయనతో ఫోన్‌లో మాట్లాడిన ఆఫీసు క్లర్కు అసిఫ్, జిలానీకి ఫోన్ చేసి, "ఎయిర్‌పోర్టుకు పో. మింగిస్ సార్‌ను తోడుకోని రా" అన్నాడు. ఎవుర్ని మింగను వస్తన్నాడో అనుకుంటూ, జిలానీ విన్నది విన్నట్టు ఎంఐఎన్‌జీఐఎస్ అని అట్టముక్క మీద రాసి పట్టుకుని నిలబడ్డాడు. ఎర్ర మీసాల పొడుగాటి మనిషి ఒకాయన ఆ అట్ట ముందు నుంచి అటూ ఇటూ తిరిగి, చివరికి దగ్గరకొచ్చి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పకపకా నవ్వాడు.

"నేనే! నా పేరును పలికినట్టు రాసినవాణ్ణి ఇన్నేళ్లకు ఇప్పుడు చూశాను."

కారెక్కాక పాస్‌పోర్టు తీసి చూపించాడు. రాసి ఉన్నది మెంజీస్. పలకాల్సింది మింగిస్! పాతకాలంలో స్కాట్లాండు వాళ్లకు ఇట్లాంటి పేర్లలో రాసే అక్షరం ఒకటి ఉండేదట. అచ్చు వేసేవాళ్ల దగ్గర అది లేక, జెడ్ పెట్టి చేతులు దులుపుకున్నారట. ఆ జెడ్‌ను వంశమంతా నెత్తిన పెట్టుకుంది. డాల్జీల్ అని రాసి డీయెల్ అనేవాళ్లున్నారు. కొల్‌కుహౌన్ అని రాసి కహూన్ అని పిలిపించుకునేవాళ్లున్నారు. సగం అక్షరాలు మింగేసినా అడిగే నాథుడు లేడు! మ్యాక్ అని మొదలయ్యే పేర్లలో ‘ఏ’ అక్షరం ఉంచుకునేవాళ్లు కొందరైతే, తీసేసేవాళ్లు ఇంకొందరు.

"ఆఫీసుల్లో ఏమీ అనరా సార్?"

"ఎందుకంటారు? అది మా చరిత్ర!"

జిలానీకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ తన దగ్గరున్నది తప్పే అనుకున్నాడు, చరిత్ర అని తెలీదు పాపం! దారి పొడుగునా తన కథంతా చెప్పాడు.

"రేపు నేనూ వస్తా. ఈ సంగతి నాకంటే బాగా ఎవరు చెప్తారు?" అన్నాడు దొర.

మర్నాడు ఇద్దరూ వీసా ఆఫీసుకు పోయారు. అధికారి దొర పాస్‌పోర్టు చూసి, "మిస్టర్ మెంజీస్" అన్నాడు.

"మింగిస్."

అధికారి ఎంత నొచ్చుకున్నాడనుకున్నారు! సారీ చెప్పాడు. మింగిస్, మింగిస్ అని నోట్లో తిప్పుకుని, సరిగ్గా వచ్చిందా అని దొరనే అడిగాడు. కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు.

తర్వాత జిలానీ ఇచ్చిన కాగితాలు తిరగేశాడు. "ఒక్కో దాంట్లో ఒక్కో పేరు. కుదరదు. ఇండియాలో మార్పించుకుని రా. ఖలాస్."

"అన్నీ ఒకే పేరు కదా! నాదీ అంతే కదా!" అన్నాడు దొర.

అధికారి ఓపిగ్గా విడమరిచాడు. "సార్, మీది ఇంటిపేరు. ఇతనిది స్పెల్లింగ్ మిస్టేక్."

దొర మొహం మీసాలకంటే ఎర్రబడింది. వాదించాడు, బతిమాలాడు, చివరికి చాయ్ ముట్టకుండా లేచాడు. మెట్ల దగ్గర జిలానీ భుజం మీద చెయ్యేశాడు.

"ఏం గాదు సార్, యల్లా, పోదాం పాండి" అని జిలానీయే ఆయన్ను ఓదార్చి కారెక్కించాడు.

గౌసియా బీ కడప ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి కాగితాలన్నీ మార్పించేసరికి బడులు తెరిచారు. చివరికి తల్లీకూతుళ్లు దసరా సెలవులకు వచ్చారు. ఫహాహీల్ సముద్రపు ఒడ్డున తస్లీమ్ మొదట్లో తండ్రికి కాస్త ఎడంగా, అమ్మ కొంగు పట్టుకుని నడిచింది. నాయన చెయ్యి పట్టుకుని నడవడం అలవాటయ్యేసరికి సెలవులు అయిపోయాయి.

కాబట్టి నాయనలారా, అమ్మలారా! పిల్లలకు పేరు పెట్టేటప్పుడు స్పెల్లింగు గురించి బెంగపడకండి. జెడ్ వేయండి, హెచ్ తగిలించండి, అక్షరాలు మింగేయండి, మీ ఇష్టం. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. వాళ్లను స్కాట్లాండులో కనండి!