ఐస్ డబ్బాలో కార్జం

ఎడ్వర్డ్‌కు ఆ శనివారం రెండో షిఫ్టు. పొద్దున చేయాల్సిన పని ఒక్కటే: రేపటికి ఒక పంది కార్జం కావాలి, ఆ సంగతి భార్యకు తెలియకూడదు.

గోదావరిఖని బొగ్గు బావిలో అతను ఇరవై ఆరేళ్లుగా పంపు ఆపరేటరు. రెండు నెలల కింద దవాఖానలో రక్తం చూసి, హిమోగ్లోబిన్ పది దగ్గరే ఉందన్నారు. సోమవారం మళ్లీ పరీక్ష. అప్పటికి పెరగకపోతే బావిలోకి దిగనివ్వరు, పైన స్టోరులో కూర్చోబెడతారు. చీకట్లో నీళ్లు ఏ మూల ఊరుతున్నాయో చప్పుడుతోనే చెప్పగలిగిన మనిషికి, కుర్చీలో కూర్చుని బోల్టులకు కాపలా కాయాలంటే ఏడుపొచ్చింది. డాక్టరు ఇనుము గోలీలు రాసిచ్చి, కార్జం, ఆకుకూరలు తినమన్నాడు. మేక కార్జం కంటే పంది కార్జంలో ఇనుము ఎక్కువని కమాన్‌పూర్‌లో ఉండే తోటి కార్మికుడు ఎల్లన్న చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ప్రతి ఆదివారం తన భార్య సారవ్వతో వండించి పెట్టాడు కూడా.

ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తడానికి లేదు. అతని భార్య సుగుణమణి బడిలో సైన్సు టీచరు. పంది మాంసంలోని పురుగు మనిషి మెదడుకు ఎక్కుతుందన్న పాఠాన్ని పందొమ్మిదేళ్లుగా చెప్పీ చెప్పీ పిల్లలకంటే ముందు తానే భయపడిపోయింది. అందుకే ఎడ్వర్డ్ ఆదివారం చర్చి కాగానే క్యారమ్స్ ఆడొస్తానని కమాన్‌పూర్ పోయేవాడు.

ఈ వారం ఎల్లన్న ఇంటికి సున్నాలు వేస్తున్నారు, వంట బంద్. పచ్చిదైనా దొరికితే ఎక్కడో ఒకచోట తానే ఉడికించుకుందామని, ఎడ్వర్డ్ క్వార్టరు వెనకాల గోడ పక్కన నిలబడి ఫోను చేశాడు.

"ఎల్లన్నా, గట్లంటే ఎట్లనే? సోమవారం మెడికల్ ఉన్నది. రేపటికి కార్జం దొరకకుంటే నా పని ఖతమే. చిన్నదైనా ఫికర్ లేదు. ఐస్ డబ్బల పెట్టి పంపు. మా సుగుణకు మాత్రం తెల్వనియ్యకు. తెలిస్తే దాని గుండె ఆగుతది."

గోడ అవతల పక్కింటి కనకవ్వ బట్టలు ఆరేస్తోంది. ఆమె చేతిలోని తడి చీర అలాగే ఉండిపోయింది.

పది నిమిషాల్లో ఆమె యూనియన్ నాయకుడు భూపాల్ ఇంట్లో ఉంది. "కొడుకా, మన ఎడ్వర్డుకు కార్జం చెడిపోయిందట. రేపు ఎవలిదో తెచ్చి పెడ్తరట. ఐస్ డబ్బల వస్తుందట. పెండ్లానికి కూడా చెప్పలే, పిచ్చోడు!"

భూపాల్ మంచివాడు. మంచివాళ్లలో కొందరికి ఉండే తొందర కూడా అతనికి ఉంది. "ఆపరేషనంటే రక్తం మస్తు కావాలె అవ్వా," అని లేచి, మధ్యాహ్నానికల్లా రక్తనిధి వాళ్లతో మాట్లాడి, ఆదివారం చర్చి పక్క హాల్లో రక్తదానం పెట్టించాడు. పాస్టరుగారి చెవినా వేశాడు. అందరికీ ఒకే హెచ్చరిక: పేరు బయటికి రావద్దు, భార్యకు తెలియొద్దు. సాయంత్రానికి ఆ సంగతి కాలనీ మొత్తానికి తెలుసు, ఎడ్వర్డ్‌కు, సుగుణమణికి తప్ప.

ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మన సహోదరుడొకరికి కార్జం పూర్తిగ పాడైంది. ఆయన భార్యకు ఈ సంగతి తెల్వది. ప్రార్థన చేద్దాం."

ఎడ్వర్డ్ మోకరించి కళ్లు గట్టిగా మూసుకుని, ఎవరోగాని ఆ మనిషి బతకాలని అందరికంటే పెద్దగా ప్రార్థించాడు. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. సుగుణమణి కూడా కొంగుతో కళ్లొత్తుకుంది.

"పాపం ఆమె," అంది భర్తతో బయటికి వస్తూ. "పక్కల పండుకునే మనిషికి గంత రోగముంటే ఎట్ల తెల్వకుంటదయ్యా?"

"కొందరు గట్లనే ఉంటరు," అన్నాడు ఎడ్వర్డ్.

బయట ఆ రోజు అందరూ అతనితో వింతగా ప్రేమగా ఉన్నారు. ఎన్నడూ పలకరించని స్తెఫను వచ్చి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎవరో కుర్చీ వేశారు. ఎవరో కొబ్బరిబోండం ఇచ్చారు. అది తాగేసి ఎడ్వర్డ్ నేరుగా హాల్లోకి పోయి, రక్తమిచ్చేవాళ్ల వరసలో నిలబడ్డాడు. సోమవారం పరీక్ష పెట్టుకుని రక్తమివ్వడం మంచిది కాదని తెలుసు. కానీ ప్రార్థనలో అంత గట్టిగా వేడుకుని, ఊరికే ఇంటికి పోవడానికి మనసొప్పలేదు.

భూపాల్ పరుగున వచ్చాడు. "అన్నా! నువ్వెందుకే ఇక్కడ?"

"గదేంది? నేనియ్యద్దా? ఎవలో పాపం, చావుబతుకుల మీద ఉన్నడట!"

భూపాల్ ఏదో చెప్పబోయేలోపు ల్యాబ్ టెక్నీషియన్ రాజకుమారి ఎడ్వర్డ్ వేలికి సూది గుచ్చింది. ఆమె కరీంనగర్ నుంచి వచ్చిన మనిషి, కాలనీ కబుర్లు ఆమెకు తెలియవు. మిషన్ చూసి, "పన్నెండు పాయింట్ ఎనిమిది. మంచిగున్నది," అంది.

"మల్ల చూడు బిడ్డా!"

ఆమె మళ్లీ చూసింది. పన్నెండు పాయింట్ ఎనిమిదే.

ఎడ్వర్డ్ రెండు చేతులూ పైకెత్తి, హాలంతా వినబడేట్టు అరిచాడు. "కార్జం పని చేసింది!"

అందరూ అతని వైపు తిరిగారు. కనకవ్వ ముందుకొచ్చి అతని పొట్ట వైపు భయంగా చూసింది. "అప్పుడే పెట్టిండ్రా, బిడ్డా?"

"ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు ఎడ్వర్డ్.

అప్పుడే బయట ఆటో హారన్ మోగింది. ఇంటికి పోతే సుగుణమణి చూస్తుందని చర్చి దగ్గరికే వచ్చిన సారవ్వ, తెల్లటి ఐస్ డబ్బా పట్టుకుని దిగింది. భూపాల్‌కు ఒక్కసారిగా నాయకత్వం గుర్తొచ్చింది. "జరుగుండ్రి! తొవ్వ ఇడువుండ్రి! కార్జం వచ్చింది!" జనం రెండుగా చీలి, దండాలు పెడుతూ దారి ఇచ్చారు. ఒకాయన టోపీ తీశాడు. ఇంతమంది ఎందుకు దండం పెడుతున్నారో తెలియక సారవ్వ కూడా అటూ ఇటూ దండాలు పెట్టుకుంటూ వచ్చి, డబ్బా రాజకుమారి ముందు బల్ల మీద పెట్టింది.

రాజకుమారి మూత తీసింది. లోపల కార్జం ఉంది. దాని మీద ఒక కొత్తిమీర కట్ట ఉంది.

"అల్లం ఇంట్ల ఉంటదని తేలే," అంది సారవ్వ.

"ఇది మనిషిది కాదు," అంది రాజకుమారి నెమ్మదిగా.

"మనిషిదేందమ్మా! పందిది! మా ఊర్ల పొద్దుగాలనే కోసిండ్రు!"

కనకవ్వ గుండెలు బాదుకుంది. "అయ్యో, పంది కార్జం పెడ్తరా మనిషికి!"

"పెట్టుడేందవ్వా, నేను తింటున్న! రెండు నెలల సంది!" అని అరిచి ఎడ్వర్డ్ నాలుక కరుచుకున్నాడు. సుగుణమణి తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆమె ఒక్కొక్కటే కలిపి చూసుకుంది. పాస్టరుగారి ప్రార్థన. ఏడ్చిన ఆడవాళ్లు. ఏమీ తెలియని ఆ భార్య. ఆమె మొహం తెల్లబోయింది. "అయితే... గా మనిషివి నువ్వా?"

"కాదు సుగుణా, నాకేం రోగం లేదు! రక్తం తక్కువుండె, గంతే! ఇప్పుడు గది కూడా లేదు!"

సుగుణమణి చేతిలోని పాటల పుస్తకంతో అతని భుజం మీద ఒక్కటేసింది. తరవాత అందరి ముందే అదే భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఎడ్వర్డ్‌కు ఏం చేయాలో తోచక ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. "నాకు చెప్తే ఏం పోయేదయ్యా?" అందామె.

"పురుగు మాట నిజమే మేడమ్," అంది రాజకుమారి. "కాని మెత్తగ ఉడికించి తింటే భయం లేదు. దీంట్ల ఇనుముంటది, బీ ట్వెల్వ్ ఉంటది. కిడ్నీ, గుండెకాయల కూడా ఉంటయి గాని ఇంత ఉండయి. ఎక్కువ తింటే మాత్రం కీళ్లు పట్టుకుంటయి, వారానికి ఒక్కసారి చాలు. డాక్టరిచ్చిన గోలీలు కూడా మింగే ఉంటరు, పుణ్యమంతా పందికే ఇయ్యకుండ్రి. మీరు ఇయ్యాల రక్తం ఇచ్చేది లేదు సార్, ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నరు."

భూపాల్ తల గోక్కుంటూ, అప్పటికే ముప్ఫై నలుగురు ఇచ్చిన రక్తం ఏం కావాలని అడిగాడు. రక్తనిధి ఖాళీగా ఉందని, ఈ వారం కాన్పులకే అది చాలదని రాజకుమారి చెప్పింది. దాంతో భూపాల్ మళ్లీ నిటారుగా నిలబడ్డాడు, ఇదంతా తాను ముందే అనుకున్నట్టు.

మధ్యాహ్నం సుగుణమణి ముక్కుకు కొంగు కట్టుకుని మొదటిసారి పంది కార్జం వండింది. పురుగు భయంతో కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ రానిచ్చింది. ఉడికిందో లేదో చూడ్డానికి ఒక ముక్క తిన్నది. ఉప్పు చూడ్డానికి ఇంకొకటి. కారం సరిపోయిందా అని రెండు. ఆమె ముక్కు మీది కొంగు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు.

ఎడ్వర్డ్ స్నానం చేసి వచ్చి చూసుకునేసరికి కార్జం గిన్నె ఖాళీగా ఉంది. పక్క గిన్నెలో డాక్టరు తినమన్న ఆకుకూర మాత్రం నిండుగా ఉంది.