థార్న్‌విక్ బల్ల కేసు

“పెర్సిస్, ఢిల్లీలో నేరస్థులకి రెండే భయాలు. ఒకటి పోలీసులు, రెండు నేను. పోలీసులకైనా బదిలీలుంటాయి. నాకు అవీ లేవు!”

బ్లోయర్ ముందు చేతులు కాచుకుంటూ సదాశివరావు అంకుల్ ఈ ప్రకటన చేసే సమయానికి నేను ఏడుపు ఆపుకుంటున్నాను.

ఆయన మా స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో రిటైరయ్యి, ఆర్.కె. పురంలో కోడలి క్వార్టర్లో ఉంటున్నారు. పిల్లలు బస్సుల్లో మరిచిపోయిన మంచినీళ్ల బాటిళ్లు ఎవరివో కనిపెట్టి అప్పగిస్తారు. బాటిల్ మీద పేరు రాసే ఉంటుంది. అంకుల్ అది చదవరు. మూత వాసన చూసి, పిల్లవాడి వంశచరిత్ర ఊహించి, వేరే పిల్లవాడికి ఇచ్చేస్తారు.

మా స్కూలు నోయిడా ఎక్స్‌ప్రెస్ వే పక్కన ఉంది. పేరు థార్న్‌విక్. అసలు థార్న్‌విక్ ఇంగ్లండులో ఉంది, మాది దాని శాఖ. నాలుగు వందల ఏళ్ల కిందట ఒక ఉన్ని వ్యాపారి అనాథ పిల్లల కోసం దాన్ని పెట్టాడు. కొన్నాళ్లకి అనాథలు తగ్గి ప్రభువుల పిల్లలు చేరారు. ఎవరు చేరినా తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, ఆపైన ఓట్స్ జావ. నోయిడా వచ్చేసరికి చన్నీళ్ల స్థానంలో గీజరు వచ్చింది, జావ పేరు దలియాగా మారింది. యూనిఫాం ఉన్ని కోటు మాత్రం మే నెల ఎండలో కూడా కోటులాగే నిలబడింది. ఈ చరిత్రంతా అడ్మిషన్‌కి వచ్చే తల్లిదండ్రులకి చెప్పడం నా ఉద్యోగం. వాళ్లు శ్రద్ధగా విని, “బస్సులో ఏసీ ఉందా?” అని అడుగుతారు.

ఆ పాత స్కూల్లో ఒక ఆచారం ఉంది. చదువు పూర్తిచేసి వెళ్లేవాళ్లు ఓక్ బల్ల మీద తమ పేరు చెక్కి వెళ్లాలి. మా ఊరి బళ్లో నేను కాంపస్‌ ముల్లుతో బల్ల మీద ఒక్క ‘పె’ గీసినందుకు మాస్టారు గోడకుర్చీ వేయించారు. థార్న్‌విక్‌లో అలాంటి గీతలకి ఇన్సూరెన్స్ చేయిస్తారు. ఆ బల్లల్లో ఒకదాన్ని ఈమధ్యే మాకు కానుకగా పంపారు. దాన్ని చూసుకునే బాధ్యత నాది. అక్కడి పెద్ద హెడ్‌మాస్టరు రేపు వస్తున్నారు, ప్రత్యేకంగా దాన్ని చూడటానికే.

జ్వరంతో సెలవు పెట్టి ఈవేళే వచ్చాను. హెరిటేజ్ గది తాళం తీసి చూద్దును కదా, గోడలకి కొత్త రంగు, కిటికీలకి కొత్త తెరలు. బల్ల ఉండాల్సిన చోట తళతళలాడే తెల్లటి టేబులు, దాని చుట్టూ పెళ్లి షామియానాలో కట్టినట్టు నీలం శాటిన్ కుచ్చెళ్లు. మన బల్ల లేదు.

పరుగెత్తుకెళ్లి ప్రిన్సిపల్ మైథిలి మేడంకి చెప్పాను. ఆవిడ ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగావిడ.

“దేఖో పెర్సిస్, నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు. సాయంత్రం బస్సులు వెళ్లేలోపు ఆ టేబుల్ దొరకాలి. లేకపోతే రేపటినుంచి నువ్వు రావద్దు. ఇంకో మాట, ఏం పోయిందో కిసీకో చెప్పకు. బయటికి తెలిస్తే స్కూలు పరువు ఖతం.”

ఎవరికీ చెప్పలేదు. కానీ నేను ఏడుస్తుండగా సదాశివరావు అంకుల్ హెరిటేజ్ గదిలోకి వచ్చి, నేను చెప్పేదాకా కదల్లేదు. విన్నాక ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఘోరం! దారుణం! చాలా బాగుంది,” అన్నారు.

గదిలో కుర్చీ లేదు. అంకుల్ ఆ తెల్ల టేబులెక్కి కూర్చుని, మఫ్లరు ఒక కొస కిందికి పరుచుకుని, బ్లోయర్ తెప్పించి పక్కనే టేబుల్ మీద పెట్టించుకున్నారు. జనవరి చలికి మెదడు గడ్డకడుతుందట.

“ముందుగా వాసన,” అంటూ ముక్కు ఎగబీల్చారు. “ఘాటుగా లేదూ? క్లోరోఫాం!”

“బల్లకి క్లోరోఫాం ఎందుకంకుల్?”

“బల్లకి కాదమ్మా, కాపలావాడికి.”

“అతను మామూలుగానే నిద్రపోతాడు కదా?”

“అదే ఆ ముఠా తెలివి! ఎవరికీ అనుమానం రాదు.”

తర్వాత నేల మీంచి సన్నటి తెల్లని ముక్కొకటి ఏరి, వెలుగులో పెట్టి చూశారు. “ఏనుగు దంతం. వ్యవహారం అంతర్జాతీయం.”

“మరి ఈ టేబుల్ ఎక్కడి నుంచి వచ్చింది?”

“నీ కళ్లు కప్పడానికి పెట్టి వెళ్లారు. నువ్వు దీన్ని చూస్తూ కూర్చోవాలని వాళ్ల పన్నాగం. అందుకే నేను దీని వంక కన్నెత్తి చూడట్లేదు.” అంటూ ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

అనుమానితుడు నంబర్ వన్‌గా శ్రీహర్షని పిలిపించారు. బిల్డింగు పనులన్నీ చూసే మేనేజరతను. వరంగల్ కుర్రాడు, రేపటి ఏర్పాట్లతో క్షణం తీరిక లేదు.

“శ్రీహర్షా! ఈ గదిలోంచి ఒక విలువైన వస్తువు మాయమైంది. ఏమిటని అడక్కు. అది రహస్యం.”

“ఏందో చెప్పకుంటే ఎట్ల చెప్పాలె సార్?”

“ప్రశ్నలు నావి, చెమటలు నీవి. ఈ గదిలో సామాను ఏమైనా గేటు దాటిందా?”

“దాటలే సార్. ఒక్క కుర్చీ కూడ బయటికి పోలే.”

“అయితే ఆ వస్తువు స్కూల్లోనే ఉందంటావు.”

“ఈ గదిల వస్తువైతే ఈ గదిలనే ఉంటది గద సార్.”

“చూశావా పెర్సిస్, ఎంత కరుడుగట్టినవాడో! వేళాకోళం చేస్తున్నాడు.”

“నాకు మస్తు పనుంది సార్. బయట పూలకుండీలొచ్చినయి.”

“కదిలావో ఖబడ్దార్!”

శ్రీహర్ష కదిలాడు. అంకుల్ “పారిపోతున్నాడు, రాసుకో,” అన్నారు. ఆ తర్వాత వంటగదిలో దలియా గుండిగలోకి తొంగిచూశారు. హాస్టలు పరుపులు తట్టి చూశారు. ప్రతిసారీ వచ్చి, మళ్లీ ఆ టేబులెక్కి, బ్లోయర్ పక్కనే కూర్చుని ఆలోచించారు. నేను నా డ్రాయరు ఖాళీ చేసుకోవడం మొదలుపెట్టాను. ఊరికి ఫోను చేసి అమ్మకి ఏమని చెప్పాలో తెలియలేదు. స్కూలంటే మా అమ్మ దృష్టిలో ఒకసారి చేరితే ఎవరూ వెళ్లగొట్టని చోటు.

హెరిటేజ్ గదికి తిరిగొచ్చేసరికి కింద బస్సులు స్టార్టయ్యాయి. మైథిలి మేడం తలుపులో నిలబడ్డారు. ఆవిడ వెనకే శ్రీహర్ష.

“టేబుల్ మిలా?”

అంకుల్ గంభీరంగా గొంతు సవరించుకున్నారు. “మేడం, నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు! అతని పేరు వెల్లడించే ముందు నాలుగడుగులు నడుస్తాను. నిజం ఎప్పుడూ నడుస్తూనే చెప్పాలి!”

టేబుల్ మీంచి దూకి నడిచారు.

టర్ర్ర్‌మని గోడ చీలినంత చప్పుడైంది. గంటల తరబడి వేడిగాలి తగిలి టేబుల్ అంచున బంక కరిగిపోయింది, పైనున్న తెల్లటి రేకు అక్కడ లేచింది, అంకుల్ మఫ్లరు కొస దాని కింద దూరి అతుక్కుపోయింది. ఆయన నడుస్తుంటే రేకంతా ఆయన వెనకే ఊడి వచ్చింది. ఆయనకింకా తెలియలేదు. “ఎవరో నా మెడ పట్టుకున్నారు! ముఠా!” అని అరుస్తూ తలుపు దాకా వెళ్లారు. రేకు ఆయన వెనకాలే ఈడ్చుకుంటూ వెళ్లింది.

రేకు కింద నల్లటి ఓక్ చెక్క. దాని నిండా పేర్లు. ఒకటి వంకరగా, ఒకటి కొట్టివేసి, ఒకటి సగంలో గంట మోగినట్టు ఆగిపోయి.

“అయ్యో, ఊడదీసిండ్రా!” శ్రీహర్ష తల పట్టుకున్నాడు. “పదేండ్లు ఊడదని మిస్త్రీ గ్యారంటీ ఇచ్చిండు!”

“ఇది నువ్వు వేయించావా?” అన్నాను.

“నేను కాక ఎవరక్కా? పెద్దసారు వస్తున్నడు, పిలగాళ్లు గీకి గీకి పాడుచేసిన బల్ల ఎట్ల చూపెడ్తం? ఇజ్జత్ పోతది గద. సన్‌మైకా ఏయించి, గుడ్డ కట్టించిన. మీరంత విలువైన వస్తువు, రహస్యం అంటుంటే ఏదో వజ్రమేమో అనుకున్న. గీ బల్లనా!”

మైథిలి మేడం బల్ల దగ్గరికి వచ్చారు. వంగి ఒక పేరు మీద వేలు పెట్టారు. వేలికి బంక అంటింది.

“అన్నీ నయా నయా కనిపించాలని ఇతనికి నేనే చెప్పాను,” అన్నారు నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగారు. “పెర్సిస్, రేపు సుబహ్ కొంచెం తొందరగా రా. ఆయనకి ఈ టేబుల్ నువ్వే చూపించాలి.”

“బంక గురించి అడిగితే మేడం?”

“నిజం చెప్పు. మెహమాన్ వస్తున్నాడని టేబుల్‌కి కొత్త బట్టలు కట్టాం, నచ్చక తనే విప్పేసుకుంది అని చెప్పు.” నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయారు.

నేను డ్రాయరు సామాను మళ్లీ లోపల పెట్టేసుకుని, మఫ్లరు విడిపించడానికి కత్తెర తెచ్చాను. అంకుల్ మాత్రం అంత పొడుగు సన్‌మైకా మెడకి వేలాడుతుండగానే రొమ్ము విరుచుకున్నారు.

“చూశావా, మొత్తానికి మన చేతికి చిక్కింది!”

“అంకుల్, పొద్దుటి నుంచీ మీరు దానిమీదే కూర్చున్నారు.”

“మరి? అది దొరికేదాకా ఎక్కడికీ పోకుండా అట్టేపెట్టిందెవరు?”