మా హాల్లో తప్పిపోయిన కుందేలు

నేల శుభ్రంగా ఉన్న ఇంట్లో పసిపిల్లలు ఉన్నారంటే, ఆ తల్లిదండ్రులకు బాధ్యత లేదని బల్లగుద్ది చెబుతాను. అనుమానముంటే మా ఇంటికి రండి. చెప్పులు మాత్రం విప్పకండి. హాలంతా పిండి, సోఫా కింద సబ్బు నురగ, నా ఆఫీసు బూట్లలో నానబెట్టిన శనగలు. దీన్ని సెన్సరీ ప్లే, అంటే తాకి పిసికి నేర్చుకునే ఆట, అంటారు. మా అత్తగారు పెంట అంటారు. పాతకాలం మనిషి, పోనివ్వండి.

పిల్లలకు కథ ఊరికే చెప్పకూడదట. మా ఫోన్లో పెట్టించుకున్న పిల్లల పెంపకం యాప్‌లో మేడమ్ చెప్పింది. కథలో కుందేలు గెంతితే పిల్లా గెంతాలి. కుందేలు బురదలో కాలు పెడితే పిల్ల తడిపిండి ట్రేలో కాలు పెట్టాలి. మబ్బు వస్తే దూది పిసకాలి. అప్పుడు మెదడులో ఏవేవో తీగలు కలుస్తాయట. మనం చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కదలకుండా కూర్చుని కథలు విన్నాం కాబట్టే మన తీగలన్నీ ఇలా వేలాడుతున్నాయి!

మా పిడుగుకి నాలుగేళ్ళు. యాప్ ఇచ్చిన కథ కూడా చిన్నదే. వానలో తప్పిపోయిన బుల్లి కుందేలు వాళ్ళమ్మని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నేను ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చుంటాను. ఎందుకంటారా? వీడియో తియ్యకపోతే మా పిల్ల గెంతినట్టు పేరెంట్స్ గ్రూపుకి ఎలా తెలుస్తుంది? గ్రూపుకి తెలియనిది కూడా ఒక గెంతేనా? పక్క ఫ్లాట్ డెంటిస్టు గారబ్బాయి కప్పలా ఇల్లంతా చుట్టొచ్చిన వీడియోకి చప్పట్ల బొమ్మలు కుప్పలు తెప్పలుగా పడ్డాయి. మేం చూస్తూ ఊరుకుంటామా?

కాబట్టి కుందేలు గెంతుతుంది. వెలుతురు చాలదు. మళ్ళీ గెంతుతుంది. మా అత్తగారు చీపురు పట్టుకుని అడ్డం వస్తారు. మళ్ళీ గెంతుతుంది. తీరా బురద దాకా వచ్చేసరికి ట్రే తిరగబడుతుంది, లేకపోతే మా ఆవిడకు ఆసుపత్రి డ్యూటీ టైమైపోతుంది, అదీ కాకపోతే ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది. ఇంతవరకూ ఆ కుందేలు బురద దాటిన పాపాన పోలేదు.

"నాన్నా, కుందేలుకి వాళ్ళమ్మ దొరికిందా?" అని పిల్ల రోజూ అడుగుతుంది.

"అది తర్వాత చూద్దాంలే తల్లీ. ముందు ఇంకోసారి గెంతు, సరిగ్గా రాలేదు" అంటాను.

ఇందులో ఉన్న సుఖం గమనించారా? కథ చెప్పేస్తే అయిపోతుంది. చెప్పకపోతే ఎన్నాళ్ళైనా ఉంటుంది. మొన్న పిల్ల నిద్రలో కూడా "అమ్మ దొరికిందా?" అని కలవరించింది. ఏకాగ్రత అంటే అదీ!

ఒకరోజు మా అత్తగారు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముగింపు చెప్పెయ్యబోయారు. సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది.

"ఒళ్ళో కూర్చుంటే మూవ్‌మెంట్ ఎక్కడుంటుంది అత్తయ్యా?" అన్నాను.

"గెంతి గెంతి పిల్ల అలిసిపోయింది బాబూ. ఆ కుందేల్ని ఇంటికి చేర్చెయ్యకూడదూ?" అన్నారావిడ.

ఇలాంటివాళ్ళుంటే పిల్లలేం పైకొస్తారు చెప్పండి.

నిన్న సాయంత్రం మా పిడుగు గెంతనంది. "ఇవాళ నేను నాన్నని. నువ్వు కుందేలు" అని తేల్చి చెప్పింది. నా ఒళ్ళు పులకరించింది. ఊహాశక్తి వికసించడమంటే ఇదే కదా! ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని గెంతాను. పిండి ట్రేలో కాలు పెట్టాను. చల్లగా జర్రున జారింది, నడుం కలుక్కుమంది.

పిల్ల నా చోట్లో, నాలాగే కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఖాళీ సబ్బుపెట్టెని ఫోన్‌లా ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"ఇంకోసారి గెంతు. సరిగ్గా రాలేదు" అంది.

గెంతాను. మళ్ళీ అదే మాట. మళ్ళీ గెంతాను. ఆయాసం వచ్చి ట్రే పక్కనే కూలబడ్డాను. ఎప్పుడూ బురద దాటింది లేదు కాబట్టి ఆ కథ చివర ఏమవుతుందో నాకూ తెలియదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"కుందేలుకి వాళ్ళమ్మ దొరికిందా?" అని అడిగాను.

"అది తర్వాత చూద్దాంలే తల్లీ" అంది.

గొంతు అచ్చం నాదే. దాని ముఖం ఎలా ఉందో చూద్దామని తలెత్తాను. సబ్బుపెట్టె అడ్డంగా ఉంది.