తలుపు మీది మేయర్ గారు

గోర్నా చెరేషా పాతబస్తీలో జీవం ఉట్టిపడుతోందని మేయర్ గెర్గినోవ్ గారు మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. బల్గేరియా మొత్తం మీద ఇంత జీవమున్న పాతబస్తీ ఇంకొకటి లేదనీ, తాను కూడా అక్కడి కాపురస్తుణ్ణేననీ, ఈ సంగతి కళ్లారా చూసి సర్టిఫికెట్ ఇవ్వడానికి ఐరోపా సజీవ పట్టణాల కమిటీ వారు వస్తున్నారనీ, వారిని కాలినడకన వీధి వీధీ తిప్పి చూపిస్తామనీ సెలవిచ్చారు. బ్యాండు మోగింది. ఆఫీసు స్టాఫంతా చప్పట్లు కొట్టారు.

అప్పటికి పాతబస్తీలో ఉన్న జీవం పేరు రూసా. ఎనభై దాటిన ముసలావిడ. ఆవిడ కోడిని కూడా కలుపుకుంటే రెండు జీవాలు. మిగతావాళ్లలో కొందరు కొండ కింద ఫ్లాట్లలోకి దిగిపోయారు, కొందరు స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు కోసుకుంటున్నారు, ఎక్కువమంది చర్చి వెనక శాశ్వతంగా స్థిరపడ్డారు.

ఒక్క ముసలావిడ కోసం కొండ మీదికి నీళ్లెక్కించడం ప్రజాధనం దుర్వినియోగమని మేయర్ గారు కిందటేడే పాతబస్తీకి నీళ్లు కట్టేయించారు. ప్రజాధనం విషయంలో ఆయన అంత నిక్కచ్చి మనిషి. అప్పటినుంచి రూసా మనవరాలు నెవెనా రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని కొండెక్కుతోంది. నెవెనా టూరిస్టు గైడు. మేయర్ గారు ఆమెనే పిలిపించారు.

"కమిటీ వాళ్లని నువ్వే తిప్పాలి తల్లీ."

"తిప్పుతానండీ. మా అమ్మమ్మకి నీళ్లిప్పించండి."

"వాళ్లు సజీవం అని రాసిచ్చిన మర్నాడే ఇప్పిస్తా. రాయకపోతే ఆవిణ్ణి కింద వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం. అక్కడ నీళ్లకేం కొదవ?"

"ఆవిడ ఆ గడప దాటి రాదండీ. తీసుకొస్తే పోతుంది."

"అయితే సజీవం అనిపించు."

ఏర్పాట్లు మేయర్ గారే దగ్గరుండి చూసుకున్నారు. ఖాళీ ఇళ్ల మధ్య తాళ్లు కట్టించి ఆఫీసు స్టాఫు బట్టలన్నీ ఆరేయించారు. పైకప్పు లేని ఇళ్లలో రేడియోలు పెట్టించారు. ప్రతి వీధిలోనూ ఉల్లిపాయలు వేగుతున్న వాసన రావాలని ఆర్డరు వేస్తే, రెవెన్యూ సెక్షన్ వాళ్లు ఏడుస్తూ వేయించారు. శుభ్రం చేసేవాళ్లు ఉత్సాహం కొద్దీ ఒక తలుపు మీది పాత చెక్కడాన్ని మురికి అనుకుని గీకి పారేయడంతో ఆయన ఇంకో ఆర్డరు కూడా సంతకం పెట్టారు. కమిటీ తీర్పు వచ్చేదాకా పాతబస్తీ తలుపుల మీదా గోడల మీదా ఉన్నది ఏదైనా సరే, ఎంతటివారైనా సరే తీయరాదు. దాన్ని రాసిపెట్టింది డిప్యూటీ మేయర్ పైకోవ్ గారు. మేయర్ గారి కుర్చీ వైపు చూడకుండా ఉండడానికి ఆయన పడే శ్రమ ఊరందరికీ తెలుసు.

కమిటీకి పెద్ద మేడమ్ వెర్బెక్ అని ఒక పొడుగాటి బెల్జియం ఆవిడ. బల్గేరియన్ ఒక్క ముక్క రాదు. నెవెనా చెప్పిన చరిత్రంతా వింటూ, ఉల్లి వాసన పీలుస్తూ నడిచింది గానీ, ఆవిడ చూపు మాత్రం తలుపుల మీదే ఉంది. ప్రతి తలుపుకీ నల్ల అంచున్న కాగితాలు, వాటి మీద ఫోటోలు. అవి శ్రద్ధాంజలి కాగితాలు. మనిషి పోతే ఇంటి తలుపుకి అంటిస్తారు. నలభయ్యో రోజున ఒకటి, ఏడాదికి ఒకటి, ఆ తర్వాత తలుచుకునేవాళ్లు ఉన్నన్నాళ్లూ.

"ఈ ఫోటోలెవరివి?" అంది మేడమ్.

నెవెనా మేయర్ గారి వైపు చూసింది. ఆయన నీళ్లు రాని వీధి కుళాయిని కళ్లతోనే చూపించారు.

"ఇంటివాళ్లవి" అంది నెవెనా. అబద్ధమేం కాదు.

"యజమాని ఫోటో తలుపు మీదే! ఎంత ఆత్మీయమైన స్వాగతం!" మేడమ్ మొహం వెలిగిపోయింది. "ఈ తలుపు మీద ముగ్గురున్నారే?"

"ఉమ్మడి కుటుంబమండీ."

"ఎవరూ బయటికి రారేం?"

"విశ్రాంతి తీసుకుంటున్నారు. చాలా నెమ్మదస్తులు. ఒకరి జోలికి పోరు."

కమిటీ సభ్యులు ఫోటోలు లెక్కపెట్టుకుంటూ రాసుకున్నారు. పాతబస్తీ జనాభా చూస్తుండగానే పెరిగింది. రూసా తన గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ తలుపు మీద భర్త ఫోటో.

"ఈయన ఎక్కడ?" అని అడిగింది మేడమ్.

"ఇంకెక్కడ, చర్చి దగ్గరే" అంది రూసా. "ఆదివారం ఆదివారం నేనే వెళ్లి చూసొస్తాను."

నెవెనా దాన్ని ఉన్నదున్నట్టు చెప్పగానే మేడమ్ 'పరమ భక్తుడు' అని రాసుకుంది.

ఆ పక్కనే మేయర్ గారి తాతల నాటి ఇల్లు. తలుపుకి తుప్పు పట్టిన తాళం తప్ప ఏమీ లేదు. మేడమ్ కలం ఆగిపోయింది.

"మీరూ ఇక్కడే ఉంటారన్నారు. మీ ఫోటో ఏది?"

నెవెనా ఆ ప్రశ్న అనువదించగానే మేయర్ గారు గాలికి ఎగిరిపోయిందన్నారు. రేపు పొద్దున మళ్లీ వచ్చి చూస్తామంది మేడమ్.

"నా ఫోటోతోనూ ఒకటి అంటించెయ్. గంటసేపే కదయ్యా" అన్నారు మేయర్ గారు పైకోవ్‌తో. "వాళ్లు కారెక్కగానే పీకేద్దాం. మిగతావాటికీ దీనికీ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు."

"ఉండదు సార్. నేను దగ్గరుండి అచ్చేయిస్తా" అన్నారు పైకోవ్ గారు. అన్న మాట నిలబెట్టుకున్నారు. నల్ల అంచు, శిలువ, ఫోటో, కింద 'మా ప్రియతమ మేయర్ ఇక లేరు, శోకతప్త మునిసిపాలిటీ' అన్న అక్షరాలు, అన్నీ లక్షణంగా కుదిరాయి. ఆచారం తప్పకూడదు కాబట్టి బస్టాపులోనూ, రొట్టెల దుకాణం అద్దానికీ, మునిసిపల్ ఆఫీసు గేటుకీ కూడా అంటించారు.

మర్నాడు పొద్దున మేడమ్ తలుపు ముందు మేయర్ గారిని నిలబెట్టి ఫోటో తీస్తుండగా, కొండ కింది నుంచి జనం రావడం మొదలైంది. చేతుల్లో పూలు. బతికున్నవాళ్లకి బేసి లెక్కన ఇస్తారు, పోయినవాళ్లకి సరి లెక్కన. అందరూ సరి లెక్కనే తెచ్చారు. పళ్లేల్లో చక్కెరా అక్రోటు పలుకులూ చల్లిన ఉడికించిన గోధుమలు. చావుకి పంచేది అదే.

రొట్టెల దుకాణం త్సోనా మేయర్ గారి చెయ్యి పట్టుకుని, పోయినవాళ్లకి చెప్పే మాటే చెప్పింది. "దేవుడు మిమ్మల్ని క్షమించుగాక. బంగారంలాంటి మనిషి."

"నేను బతికే ఉన్నానే!" అన్నారు మేయర్ గారు, కమిటీ చూస్తోంది కాబట్టి నవ్వుతూ.

"అయ్యో, కనపడుతూనే ఉన్నారు కదండీ. అంతమాత్రాన కాగితం చూసి కూడా ఇంట్లో కూర్చుంటే బాగుంటుందా?"

ఆయన గట్టిగా కాదనలేరు. ఈ కాగితం సంగతి బయటపడితే తలుపుల మీది జనాభా మొత్తం గల్లంతు. మేడమ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత ప్రేమించే ప్రజల్ని తానెక్కడా చూడలేదంది. గోధుమలు రెండోసారి పెట్టించుకుంది.

కారు మలుపు తిరగగానే మేయర్ గారు కాగితం మీద చెయ్యి వేశారు. పైకోవ్ గారు ఆ చెయ్యి మృదువుగా పట్టుకున్నారు.

"సార్, మీ ఆర్డరు. ఎంతటివారైనా సరే."

"ఆ ఆర్డరు రద్దు చేస్తున్నా!"

"చెయ్యాలంటే మేయర్ సంతకం కావాలి సార్. తమరు లేరు కదా."

ఆ సాయంత్రమే కౌన్సిల్ రెండు నిమిషాలు మౌనం పాటించింది. మేయర్ గారూ లేచి నిలబడ్డారు, కూర్చోడానికి ఆయన కుర్చీ ఖాళీగా లేదు. తీర్పు రావడానికి నెలలు పట్టింది. ఈలోగా నెవెనా నీళ్ల మాట అడగడానికి మళ్లీ ఆఫీసుకి వెళ్లింది. ఆమె చేతులు క్యాన్ల బరువుకి కాయలు కాసిపోయాయి.

"నా చేతిలో ఏముంది తల్లీ" అన్నారు మేయర్ గారు వరండాలో బెంచీ మీద నుంచి.

"ఆ మాట ఇచ్చింది స్వర్గీయులు" అన్నారు పైకోవ్ గారు లోపల కుర్చీలోంచి.

నెవెనా లోపలి కుర్చీ వైపు తిరిగింది.

"అయ్యా, పోయిన పెద్దవాళ్ల పేర దారిపక్కన రాతి కుళాయి కట్టించడం మన ఆచారం కదా. మేయర్ గారికి ఇంతవరకూ ఎవరూ కట్టించలేదు. వారి ఇల్లు మా అమ్మమ్మ ఇంటి పక్కనే. రాయి మీద పుట్టిన ఏడాదీ, పోయిన ఏడాదీ చెక్కిస్తే..."

పైకోవ్ గారు సగం మాటలోనే ఫోను అందుకున్నారు. పోయిన ఏడాది కాస్త లోతుగా చెక్కమని మేస్త్రీకి చెప్పారు.

ప్రజాధనం గురించి ఎవరూ నోరెత్తలేదు. వారం తిరక్కుండా పైపులు కొండెక్కాయి. సజీవ పట్టణం సర్టిఫికెట్ వచ్చిన రోజే ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. ఆర్డరు ఆనాటితో చెల్లిపోయింది, మేయర్ గారు పరుగున వచ్చి తలుపు మీది కాగితం చింపేశారు. రాతి మీది అక్షరాల్ని మాత్రం గోటితో రెండుసార్లు గీకి చూసి ఊరుకున్నారు.

నీళ్లు వచ్చాయి. నెవెనా ఖాళీ క్యాన్లు పక్కన పడేసి గోడకి చేరగిలబడి ఏడ్చేసింది. రూసా దోసిట్లో నీళ్లు పట్టి, పోయిన మేయర్ పేర ముందు కాసిని నేల మీద వదిలింది.

"దేవుడు గెర్గినోవ్‌ని క్షమించుగాక. ఎంత మంచి పని చేసి పోయాడు!"

"రూసమ్మా, నేనిక్కడే ఉన్నాను" అన్నారు మేయర్ గారు.

ఆవిడ రాతి వైపు చూసింది, ఆయన వైపు చూసింది, గోధుమల పళ్లెం ఆయన చేతిలో పెట్టింది.

"తిను నాయనా. నీ పేరు మీదే వండాను."

మేయర్ గారు తిన్నారు. చక్కెర సరిపోయిందన్నారు.