మంత్రిగారి సంపెంగకు వైద్యం

‘ఆఫీసుకో ఆకుపచ్చ’ పథకం అమలైతే రాష్ట్రంలో ఇక ఎండాకాలమనేది ఉండబోదని మంత్రిగారు తాడేపల్లిగూడెం సభలో ప్రకటించారు. చెప్పిన మాట మర్నాటికి మరిచిపోయే మనిషి కాదాయన. రెండు వేల రెండు జూలైలో, ఆ మర్నాడే, ఏలూరులో ఒక డివిజన్ ఆఫీసుకు విచ్చేసి తొలి మొక్కను స్వహస్తాలతో నాటారు.

ఆవరణలో నాటడానికి మట్టి దొరకలేదు. కిందటి నెల సుందరీకరణ కింద మొత్తం గచ్చు చేయించారు. ఆ గచ్చును ప్రారంభించింది కూడా మంత్రిగారే. అందువల్ల సిమెంటు కుండీ తెప్పించారు. కడియం నర్సరీ నుంచి సంపెంగ మొక్క వచ్చింది. దాని నల్ల పాలిథిన్ కవరు మీద నాలుగువైపులా మంత్రిగారి రంగు ఫొటోలు అంటించి, రిబ్బను కట్టారు. మంత్రిగారు కెమెరాల వైపు చూస్తూ, మొక్కను కవరుతో సహా కుండీలో దించి, మట్టి కప్పి, వెండి చెంబుతో నీళ్లు పోశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

జీవరత్నం చేతులు మటుకు కదల్లేదు. పన్నెండేళ్లుగా రోజుకూలి మీద ఆ ఆఫీసు ఊడ్చి మొక్కలకు నీళ్లు పోస్తున్న మనిషి ఆమె. “కవరండీ...” అని నోరు తెరవబోయింది. ఆఫీసరు పేరిశాస్త్రిగారు ఒక్క చూపు చూశారు. తెరిచిన నోరు మూసుకుంది.

వారానికి ఆకులు వాలిపోయాయి. రెండో వారానికి పసుపు తిరిగాయి. ఆగస్టు ముప్పయ్యో తారీకున మంత్రిగారు మొక్క యోగక్షేమాలు విచారించడానికి స్వయంగా వస్తున్నారని ఫాక్సు వచ్చింది. పేరిశాస్త్రిగారికి ఆ పూట అన్నం సయించలేదు.

మొదట మండవల్లి నుంచి బుల్లిరాజుగారు వచ్చారు. పార్టీలో పెద్ద. నూటయాభై ఎకరాల చేపల చెరువులున్నాయి కనుక ప్రాణుల గురించి ఆయనకు తెలియనిది లేదు. కుండీ చుట్టూ మూడుసార్లు తిరిగారు.

“తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయనుకోండి, ఏంటండీ దానర్థం?”

“ఏంటండీ?” అన్నారు పేరిశాస్త్రిగారు, కాగితం మీద రాసుకోవడానికి సిద్ధపడి.

“నీట్లో గాలి తక్కువైందని. దీనికీ అదేనండి. ముందు సున్నం కొట్టండి. మేత కూడా చాలినట్టు లేదు.”

ఆయన ఎంత మంచివారంటే, మేత కూడా తనే పంపించారు. కుండీలో వెదురు కర్ర పాతి, చెరువుల్లో కట్టినట్టే, చిల్లులు పొడిచిన తౌడు సంచీ వేలాడదీశారు. నాలుగు రోజుల్లో ఆ ఆవరణలోని ఉడతలు కళ్లకు కనిపించేంత ఒళ్లు చేశాయి. సంపెంగ చిక్కిపోయింది.

తర్వాత ఉద్యానశాఖ నుంచి జ్ఞానప్రసూనాంబగారు వచ్చారు. చదువుకున్న ఆవిడ. సున్నం పక్కకు తోసి, పెన్నుతో మట్టిలో పొడిచి చూశారు. పెన్నుకు నల్ల కవరు అంచు తగిలింది. పెన్ను తుడుచుకుని బ్యాగులో పెట్టుకున్నారు.

“కవరుందండి లోపల,” అంది జీవరత్నం మెల్లిగా. “వేళ్లు బయటికి రాలేక ఊపిరాడట్లేదండి దానికి.”

“నాకూ తగిలిందమ్మా. రాయడానికి కాలమ్ లేదు.”

ఆవిడ అబద్ధమాడలేదు. ఫారం చూపించారు కూడా. నీరు, ఎండ, పురుగు, ఎరువు, సంరక్షకుల నిర్లక్ష్యం. కారణాలకు అయిదే కాలమ్‌లు. నాటినవారి కోసం ఒకటి ఉంది గానీ, అది పేరు, హోదా రాయడానికి.

“చచ్చిపోతే ఏం రాస్తారండి?”

“మొదటి నాలుగూ బాగానే ఉన్నాయి మరి,” అన్నారావిడ, జీవరత్నం మొహం చూడకుండా.

పర్మనెంటు చేసేవాళ్ల లిస్టులో ఈసారి జీవరత్నం పేరు మూడోది. అయిదో కాలమ్‌లో ఆమె పేరు పడితే లిస్టులో ఆ పేరుండదు. ఇంకో పన్నెండేళ్లు ఊడ్చే ఓపిక ఆమె నడుముకు లేదు.

ఆదివారం చర్చి అయ్యాక, ఆఫీసు తలుపులు మూసి ఉండగా, కూరగాయల కత్తి పట్టుకుని వచ్చింది. తౌడు సంచీ తీసేసింది. సున్నం పట్టిన మట్టి ఎత్తి పారబోసింది. కవరును నిలువునా కోసి, మట్టిగడ్డ చెదరకుండా వలిచింది. లోపల వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. చివర్లు చేతివేళ్లతో వదులు చేసి, మళ్లీ నాటి, సైకిల్ స్టాండు నీడకు జరిపింది. ఆ తర్వాత రోజూ వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూసేది. తడి తగిలితే నీళ్లు మానేసేది. పదో రోజున చిట్టచివర లేత చిగురు కనబడింది. తారీకు దగ్గరపడేసరికి దాని కింద మరో నాలుగు ఆకులు విప్పుకున్నాయి. తౌడు ప్రభావమని బుల్లిరాజుగారికి ఆఫీసు తరఫున శాలువా కప్పారు.

ముప్పయ్యో తారీకున మంత్రిగారు వచ్చారు. మొక్కను చూశారు. ఆయన మొహం నల్లబడింది.

“ఎక్కణ్ణుంచి తెచ్చారు దీన్ని?”

“తమరు నాటిందేనండి,” అన్నారు పేరిశాస్త్రిగారు.

“ఇరవై ఏళ్లుగా ప్రజాజీవితంలో ఉన్నానయ్యా. నేను నాటిన మొక్క బతకడం ఎప్పుడైనా చూశానా? నా కళ్లకే గంతలు కడతారా?”

ఆ అనుభవానికి అందరూ తలలూపారు. పేరిశాస్త్రిగారు పక్కకు తిరిగారు.

“ఏమ్మా జీవరత్నం, మొక్క మార్చేశావా? నిజం చెప్పు. నీ ఉద్యోగం సంగతి నాకొదిలెయ్.”

జీవరత్నం ఆయన వైపొకసారి, మొక్క వైపొకసారి చూసింది. చేతిసంచీలోంచి మడతపెట్టిన నల్ల కవరు తీసి మంత్రిగారికి చూపించింది. దాని మీద నాలుగు ఫొటోల్లో మూడు బాగానే ఉన్నాయి. నాలుగోది కత్తి గాటు పడి రెండుగా చీలింది.

“అదేనండి మొక్క. ఇదిగోండి దాని కవరు.”

మంత్రిగారు చీలిన ఫొటోను రెండు వేళ్లతో దగ్గరికి చేర్చి చూశారు.

“ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది?” అన్నారు మంత్రిగారు, గొంతు తగ్గించి.

పేరిశాస్త్రిగారు కళ్లు మూసుకున్నారు.

“నాటేటప్పుడు తమరే తీసి నా చేతికిచ్చారు కదండీ. తమరి ఫొటో ఉందని దాచుకున్నానండి.”

మంత్రిగారు కొంచెంసేపు ఆలోచించారు. క్రమంగా ఆయనకు గుర్తొచ్చింది.

“అవునవును. నేనే తీశాను. చూడండి, ఎవరూ గమనించినట్టు లేరు. ఈవిడొక్కతే గమనించింది.”

“నేనూ గమనించానండి,” అన్నారు పేరిశాస్త్రిగారు.

“నేనూనండి,” అన్నారు ఆయన వెనకాల నిలబడ్డ జ్ఞానప్రసూనాంబగారు.

మొక్క నాటే ముందు కవరు తీయవలసిన ఆవశ్యకత గురించి మంత్రిగారు అరగంట మాట్లాడారు. ఆ విషయం మీద అంత లోతుగా మాట్లాడిన ప్రజాప్రతినిధి జిల్లాలో మరొకరు లేరని మర్నాడు పేపర్లు రాశాయి.

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. జీవరత్నం పర్మనెంటయింది. పేరిశాస్త్రిగారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మరీ చదివి వినిపించారు. గుండుగొలను నుంచి కామవరపుకోట దాకా మంత్రిగారు ఇంతవరకూ నాటిన నాలుగు వందల పన్నెండు మొక్కల బాధ్యత ఇక ఆమెదే.

“వాటిల్లో ఎన్ని బతికున్నాయండి?” అంది జీవరత్నం.

“మొక్కల గురించి నీకెందుకమ్మా బెంగ? ఎన్నుంటే అన్నుంటాయి. కవర్లు మటుకు నాలుగు వందల పన్నెండూ తవ్వి తీసుకురా. శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. మంత్రిగారు స్వయంగా తీసినవని హైదరాబాదులో ఎగ్జిబిషన్ పెడుతున్నారు.”