పద్నాలుగు వేల వినాకాలు

ఆ ఉదయం సువా రేవు పట్టణంలో లితియా వేసుకున్న పథకం చిన్నదే. రేవులోని కార్గో కంపెనీకి వెళ్ళే మెయిళ్ళను మామూలు ఇంటర్నెట్ నుంచి తప్పించి, రెండు ఆఫీసుల మధ్య కొత్తగా వేసిన సొంత లైనులోకి మళ్ళించాలి. పది గంటలకల్లా టీ తాగాలి. సాయంత్రం పర్మనెంట్ ఉద్యోగం కాగితం అందుకోవాలి. మూడు నెలల ప్రొబేషన్‌కు అదే ఆఖరు రోజు.

లితియా పనిచేసే అల్లం ఎగుమతి కంపెనీ యజమాని అపెనిసా గుమ్మంలోంచే తల దూర్చాడు.

"అమ్మాయ్, మన మెయిళ్ళు చెత్తబుట్టలో పడి, మనం జవాబివ్వని మొరటువాళ్ళమని కార్గో కంపెనీ ఓనరు రోపాటే అలిగి కూర్చున్నాడు. ఆ లైన్లో ఏమొచ్చినా దానంతటదే 'వినాకా' అని థాంక్స్ వెళ్ళిపోవాలి!"

"ఏమొచ్చినానా సార్?"

"ఏమొచ్చినా! మర్యాదకి మినహాయింపులేంటి?"

లితియా అలాగే పెట్టింది. తననెవరూ మొరటువాడు అనకూడదని అవతల రోపాటే కూడా తన ఆఫీసులో అదే హుకుం జారీ చేశాడని పాపం ఆమెకు తెలియదు.

పరీక్షకని "బులా" అని పలకరిస్తూ ఒక్క మెయిల్ పంపింది. వినాకా వచ్చింది. దానికి ఇక్కడినుంచి వినాకా వెళ్ళింది. దానికి అక్కడినుంచి మరొకటి. టీ చల్లారేసరికి నాలుగు వేలు దాటాయి. పన్నెండులోపు చేరాల్సిన అల్లం కంటెయినర్ పత్రం ఆ వరుసలో చిట్టచివర ఇరుక్కుంది. అది చేరకపోతే ఓడ వెళ్ళిపోతుంది, అల్లం కుళ్ళిపోతుంది, లితియా ఉద్యోగం గోవిందా.

"ఫోన్ చెయ్యి!" అని అరిచాడు అపెనిసా.

"ఎంగేజ్ సార్!"

అదే సమయానికి రోపాటే ఇక్కడికి ఫోన్ చేస్తున్నాడు.

"పోనీ లైను పీకెయ్యనా సార్?"

"అమ్మో! మధ్యలో ఆపితే మళ్ళీ అలుగుతాడు. ముట్టుకోకు!"

లితియా పత్రం ప్రింటు తీసి మెట్లు దిగి రేవుకు పరుగెత్తబోయింది. సగం మెట్లలో రోపాటే ఎదురయ్యాడు. చంకలో రాజీకి కానుకగా ఇచ్చే యంగోనా వేర్ల కట్ట, కళ్ళలో నీళ్ళు.

"పద్నాలుగు వేల సార్లు చెప్పారు కదమ్మా! ఇంకా అలిగితే నేను మనిషినేనా?"

లితియా పత్రం ఆయన చేతిలో పెట్టింది. ఆయన అక్కడే సంతకం గీకి, రేవుకు ఫోన్ చేసి, "అల్లం ఎక్కించండర్రా!" అన్నాడు.

అపెనిసా ఉప్పొంగిపోయాడు. "శభాష్ అమ్మాయ్, నీ ఉద్యోగం ఖాయం! ముందు రోపాటేకి ఇంకో వినాకా కొట్టు!"

లితియా నేరుగా వెళ్ళి లైను పీకేసింది.

సాయంత్రం కాగితం అందుకున్నప్పుడు కూడా ఆమె తల ఊపిందే తప్ప, వినాకా మాత్రం అనలేదు.