నాలుగో సిలిండర్ జ్వరం

1979 జూన్ 14, గురువారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నది సాసేజ్, బంగాళాదుంపల సలాడ్, పెరట్లోని పుల్లటి రూబార్బ్ కాడలు నింపి మా ఆవిడ అర్డిస్ కాల్చిన పై అనే తీపి వంటకం. నేను మూడో ముక్క అడిగాను. మూడో ముక్క అడిగానంటే ఏదో దాస్తున్నానని ఆవిడకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. తెలుసన్న సంగతి నాకు మాత్రం ఆ రోజే తెలిసింది.

దాస్తున్నది నాలుగో సిలిండర్‌ని.

ఏడేళ్ళు గ్యారేజీలో కూర్చుని నేనొక రెండు సీట్ల విమానం కట్టాను. సొంతంగా కట్టుకున్న విమానాన్ని మొదటి నలభై గంటలు ఒంటరిగానే నడపాలి. ఆ తర్వాతే రెండో సీట్లో మనిషి. ఆ మనిషి అర్డిస్. శనివారం ఆవిడను చెల్లెలు మార్లిస్ ఇంటికి గాల్లో తీసుకెళ్తానని ఊరంతా చెప్పేశాను. ముప్ఫై ఎనిమిది గంటలు అయ్యాయి, రెండు మిగిలాయి.

చిక్కల్లా ఒకటే. పైకెక్కేటప్పుడు ఇంజన్‌లో మిగతా మూడు సిలిండర్లూ బుద్ధిగా నాలుగు వందల ఫారన్‌హీట్ డిగ్రీల లోపుంటే, నాలుగోది నాలుగు వందల అరవైకి పోయేది. గాలి లోపలికొచ్చే రంధ్రాలను రెండుసార్లు పెద్దవి చేశాను. విమానం మూతి కప్ప మూతిలా తయారైంది గానీ జ్వరం దిగలేదు.

విమానం పెట్టుకునే చోట పక్క షెడ్డు డ్యూవేన్ గుసగుసలాడినా రన్‌వే చివరిదాకా వినిపిస్తుంది. అందుకే అతన్ని అందరం సైలెన్సర్ అంటాం. "ఓర్లిన్, ఇంకాస్త పెద్దది చెయ్యి, అందులోంచే ఎక్కి కూర్చోవచ్చు," అన్నాడు.

గేజీ ఒక్కటే ఉండేది. పక్కనున్న మీట తిప్పితే ఒక్కో సిలిండర్ వేడి చూపిస్తుంది. ముప్ఫై రెండో గంట దగ్గర నేను నాలుగో సిలిండర్ వైరు పీకేసి, ఆ చోట కూడా రెండోదాని వైరే కలిపాను. ఇక మీట నాలుగు మీద పెట్టినా పలికేది రెండోదే. మెల్లగా ఎక్కి, మధ్యలో ఆగి చల్లారనిస్తే సరి, అసలు మరమ్మతు శనివారం తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. అలా అనుకున్న మనిషి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేవాడు.

"సిలిండర్లు చల్లగా ఉన్నాయా?" అంది అర్డిస్, మూడో ముక్క వడ్డిస్తూ.

"ఐస్‌క్రీములా."

"ఆ నాలుగోది?"

"రెండోదానికి కవల పిల్లలా ఉంది." అబద్ధం చెప్పలేదు చూడండి.

"ఓసారి నేనూ చూస్తాను."

"శనివారం గాల్లో చూద్దువుగాని."

"చర్చి విందులో వడ్డించాక చూస్తానా, బీన్స్ ఉడికాయో లేదో?"

మా కౌంటీలో ఆడవాళ్ళు ఏటా వసంతంలో, కూరగాయలు సీసాలకెత్తే ప్రెషర్ కుక్కర్ల మూతలు మోసుకుని వ్యవసాయ కార్యాలయానికి వస్తారు. గేజీలు నిజం చెబుతున్నాయో లేదో అక్కడ పరీక్షిస్తారు. గేజీ అబద్ధమాడితే సీసాలో బీన్స్ విషమవుతాయి. పరీక్షించేది మా ఆవిడే. పాస్టరు గారి భార్య తెచ్చిన మూతను కూడా ఫెయిల్ చేసి, "బీన్స్ విషయంలో దేవుడు పూచీ ఉండడండీ," అని పంపించిన మనిషి.

నాలుగింటికి ఫ్లాస్కుతో షెడ్డుకొచ్చింది. కాఫీ అనుకుని కప్పు చాచాను. సలసల కాగిన నీళ్ళు.

"గేజీకి పరీక్ష," అంది.

"ఇది కుక్కర్ కాదు అర్డిస్."

"వేడెక్కుతుంది, వికటించొచ్చు, మా ఆయన దాని పక్కన కూర్చుంటాడు. నాకు కుక్కరే."

ప్రతి సిలిండర్ స్పార్క్ ప్లగ్గు కిందా వేడిని పసిగట్టే ఉంగరం ఒకటుంటుంది. ఆవిడ విమానంలో కూర్చుని మీట పట్టుకుంది. నేను ఒక్కో ఉంగరం విప్పి నీళ్ళలో ముంచాలి. ఒకటి, రెండు, మూడు. మూడూ మరిగే నీళ్ళ వేడే, రెండు వందల పది డిగ్రీలు చూపించాయి.

"పాస్. నాలుగోది."

"నీళ్ళు చల్లారిపోయాయేమో."

"ముంచు."

ముంచాను.

"ముంచావా?"

"ముంచాను."

"సూది నిద్రపోతోంది. ఇప్పుడు రెండోది ముంచు." ముంచాను. "ఇప్పుడు లేచింది. మీట నాలుగు మీదే ఉంది ఓర్లిన్."

పక్క షెడ్డులో సైలెన్సర్ జీవితంలో మొదటిసారి నిశ్శబ్దంగా ఉన్నాడు.

ఆవిడ దిగొచ్చింది. తిడుతుందనుకున్నాను. "దీంట్లోనా నన్ను కూర్చోబెడదామనుకున్నావు?" అని మాత్రం అడిగింది.

"ఊరంతా చెప్పేశాను," అన్నాను. ఆ మాట నాకే చాలా చిన్నదిగా వినిపించింది.

"జరుగు," అని టార్చి తీసుకుని ఇంజన్ మీదికి వంగింది. లోపలికొచ్చిన గాలి సిలిండర్ల మధ్యనుంచి కిందికి దిగాలి. పక్కలకు పారిపోకుండా చుట్టూ రేకులు, వాటి అంచున రబ్బరు పట్టీ ఉంటాయి. నాలుగో సిలిండర్ వెనక ఆవిడ వేలు ఆగింది.

"ఇది ఎటు వంగింది?"

"బయటికి."

"కుక్కర్ మూత రబ్బరు ఒత్తిడి పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. నీది గాలి రాగానే హోటల్ నౌకరులా వంగి దారిస్తోంది. నువ్వేమో గుమ్మాలు పెద్దవి చేసి ఇంకా అతిథుల్ని పిలిచావు."

ఏడేళ్ళుగా నాకు తట్టనిది ఆవిడకు ఏడు నిమిషాల్లో తట్టింది. పట్టీని లోపలివైపుకి మడిచాం. వైరు దాని చోటికి చేరింది. మర్నాడు పొద్దున ఎంత నిటారుగా ఎక్కినా నాలుగోది మూడు వందల తొంభై దాటలేదు. సంబరంగా గంతులేస్తూ ఇంటికొస్తే, ఆవిడ నేను గంటలు రాసుకునే లాగ్ పుస్తకమూ పెన్సిలూ పట్టుకుని కూర్చుంది.

"దొంగ వైరుతో తిరిగినవి ఎన్ని గంటలు?"

"ఆరు."

"అవి చెల్లవు."

"చట్టం ప్రకారం చెల్లుతాయి."

"సరే, శనివారం చట్టాన్ని ఎక్కించుకుని వెళ్ళు."

శనివారం ఆవిడ రూబార్బ్ పై ఒకటి పట్టుకుని కారులో చెల్లెలింటికి వెళ్ళింది. నేను ఊరి మీద ఒంటరిగా గుండ్రాలు తిరుగుతూ, రోడ్డు మీద మా ఆకుపచ్చ కారు చిన్నదైపోవడం చూశాను.

ఆ తర్వాతి వారం ఆదివారానికి ఆవిడ లెక్కలో నలభై నిండాయి. రెండో సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. నేల వదిలాక, "అదిగో మన ఇల్లు," అన్నాను.

"ఉండు."

మీట నాలుగు మీద పెట్టి, మూడు వేల అడుగులు ఎక్కేదాకా సూది మీదనుంచి కన్ను తిప్పలేదు. "మూడు వందల ఎనభై అయిదు. పాస్," అంది. అప్పుడు వంగి మా ఇంటిని చూసింది. చాలాసేపు చూసింది. "కప్పుకి రంగేసి ఎన్నాళ్ళయింది?" అంది.

దిగేసరికి సైలెన్సరూ మరో ముగ్గురూ షెడ్డు ముందు నిలబడి ఉన్నారు, తమ గేజీలు కూడా చూడమని. పొద్దు వాలేదాకా ఆవిడ పరీక్షించింది, నేను నీళ్ళు కాచాను. సైలెన్సర్ గేజీ ఫెయిలైంది. ఆ విమానం కట్టిందెవరని ఒక్కరూ అడగలేదు. "అర్డిస్ పాస్ చేసిన విమానం," అని ఒకరికొకరు చూపించుకున్నారు. దానికి అంతకన్నా మంచి పేరు నాకు ఇప్పటికీ తట్టలేదు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ ఇంజన్ మూత మీద అరచేయి ఆనించి చూసింది. మా షెడ్డుది గోలచేసే రేకు తలుపు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.